షూటర్ ఆటలలో సమతూకం

అనేకమంది ఒకేసారి పోటీపడే కాల్పుల వీడియో ఆటలలో ఏ ఒక్క ఆయుధమో, ఏ ఒక్క పాత్రో, ఏ ఒక్క పక్షమో మిగిలినవాటిని నిరర్థకం చేయకుండా వాటి శక్తులను, ధరలను, పరిమితులను సరిదిద్దుతూ ఉండే పనిని సమతూకం అంటారు. ఆటగాళ్ళ వాడుకలో దీని పేరు గేమ్ బ్యాలెన్స్. కౌంటర్-స్ట్రైక్, ఓవర్‌వాచ్, వాలరంట్, పబ్‌జి, భారతదేశంలో పబ్‌జి మొబైల్ నిషేధం తరువాత 2021 జూలైలో విడుదలైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) మొదలైనవి ఈ కోవకు చెందిన ఆటలు.

సమతూకమంటే అందరికీ ఒకటే ఇవ్వడమని పొరబడే అవకాశం ఉన్నది. అందరి చేతికీ ఒకే తుపాకి ఇస్తే సమానత్వం వస్తుంది గాని, ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ప్రతి ఎంపికకూ ఒక లాభం, ఆ లాభానికి తగిన ఖరీదు, దానికి ప్రత్యర్థి చేతిలో ఒక విరుగుడు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆటగాళ్ళు కొద్ది రోజులలోనే పసిగట్టి అందరూ ఆ ఒక్కదాన్నే వాడసాగుతారు.

పాత ఆటలలో సమతూకం

ఈ భావన కంప్యూటరుతో పుట్టినది కాదు. తెలుగు పల్లెలలో అరుగుల మీద, గుడి బండల మీద గీతలు గీసి ఆడే పులిజూదం ఇందుకు చక్కని ఉదాహరణ. పులి-మేక ఆట అని కూడా పిలిచే ఈ ఆటలో 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు. అయితే మేకలన్నీ కలిసి మూడు పులులనూ కదలకుండా కట్టడి చేస్తే గెలుపు మేకలదే. రెండు పక్షాలకు బలగం వేరు, శక్తి వేరు, గెలిచే షరతు కూడా వేరు. అయినా ఆట రక్తి కడుతుంది. మేకల సంఖ్యను సగానికి తగ్గిస్తే పులులను కట్టడి చేసేందుకు కాయలు చాలవు. పులికి దూకే హక్కు తీసివేస్తే మేకలకు భయమే ఉండదు. ఆ 15 అనే సంఖ్య ఎవరో ఒకరు ఒక్కనాడు లెక్కగట్టినట్లు కాక, ఆడి ఆడి కుదిరినట్లు కనిపిస్తుంది.

రెండవ మార్గం సమ ఉజ్జీలను జతపరచడం. నంద్యాల, ఆళ్ళగడ్డ, గడివేముల ప్రాంతాలలో పండుగలకు, తిరునాళ్ళకు జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ ఒంగోలు జాతి గిత్తలను పళ్ళను బట్టి పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. పళ్ళు వయసుకు గుర్తు కనుక లేత కోడెలు ముదురు గిత్తలతో తలపడవలసిన అవసరం రాదు. బండ బరువు కూడా విభాగాన్ని బట్టి మారుతుంది. షూటర్ ఆటల రూపకర్తలు పులిజూదం పద్ధతిని ఆట లోపల, బండలాగుడు పద్ధతిని ఎవరితో ఎవరిని ఆడించాలన్న విషయంలో వాడుతారు.

ఒక్క అంకె తేడా

ఆయుధాల బలాన్ని పోల్చడానికి వాడే ముఖ్యమైన కొలత, ప్రత్యర్థి ప్రాణం పూర్తిగా హరించడానికి పట్టే కాలం. దీనినే టైమ్ టు కిల్ అంటారు. ప్రాణం 100 పాయింట్లు అనుకుందాం. మొదటి తుపాకి సెకనుకు 10 గుళ్ళు పేలుస్తుంది, ఒక్కొక్క గుండు 25 పాయింట్లు తీస్తుంది. నాలుగు గుళ్ళు కావాలి. మొదటి గుండు వెంటనే తగులుతుంది కనుక మధ్యలో మూడు విరామాలే ఉంటాయి. పట్టే కాలం 0.30 సెకను. రెండవ తుపాకి సెకనుకు 6 గుళ్ళే పేలుస్తుంది గాని ఒక్కొక్కటి 34 పాయింట్లు తీస్తుంది. మూడు గుళ్ళు, రెండు విరామాలు, 0.33 సెకను. రెండూ దాదాపు సమానమే.

ఇప్పుడు రెండవ తుపాకి దెబ్బను 34 నుంచి 33కు తగ్గిద్దాం. మూడు గుళ్ళు తగిలినా 99 పాయింట్లే పోతాయి, ఒక్క పాయింటు మిగులుతుంది. నాలుగవ గుండు తప్పదు. కాలం 0.50 సెకనుకు పెరుగుతుంది. కాగితం మీద మూడు శాతం కూడా లేని మార్పు, ఆటలో ఆ తుపాకిని మూలన పడేస్తుంది. అదే దెబ్బను 34 నుంచి 45కు పెంచినా అవసరమైన గుళ్ళు మూడే కనుక పూర్తి ప్రాణంతో ఉన్న ప్రత్యర్థి విషయంలో ఏ మార్పూ ఉండదు. అందువల్ల రూపకర్తలు శాతాల కంటే ఇటువంటి గడపల మీదే ఎక్కువ దృష్టి పెడతారు. కవచం, దూరం, తలకు తగిలిందా కాళ్ళకు తగిలిందా అన్నవి చేరేసరికి ఈ గడపలు పదులకొద్దీ పెరుగుతాయి.

శక్తిని తగ్గించడాన్ని ఆటగాళ్ళు నెర్ఫ్ అని, పెంచడాన్ని బఫ్ అని అంటారు. నెర్ఫ్ అన్నది మెత్తని నురగ గుళ్ళు పేల్చే పిల్లల బొమ్మ తుపాకుల పేరు. నిజం తుపాకి బొమ్మ తుపాకి అయిపోయిందన్న ఎత్తిపొడుపు అందులో ఉన్నది.

ధరతో సమతూకం: కౌంటర్-స్ట్రైక్

1999లో హాఫ్-లైఫ్ ఆటకు అనుబంధంగా మిన్ లె, జెస్ క్లిఫ్ రూపొందించిన కౌంటర్-స్ట్రైక్ ఈ సమస్యకు వేరొక పరిష్కారం చూపింది. అందులో ఆయుధాలను ప్రతి రౌండులో ఆటలోని డబ్బుతో కొనుక్కోవాలి. ఆరంభంలో చేతిలో ఉండేది 800 డాలర్లు. కూడబెట్టగల గరిష్ఠం 16,000. దూరం నుంచి ఒక్క గుండుతో పడగొట్టే ఏడబ్ల్యుపి ధర 4,750. అది బలమైనదే, బలమైనదిగానే ఉండనిచ్చారు. కాని దానిని కొని ఓడిపోయిన జట్టు తరువాతి రౌండులో పిస్తోలుతో దిగవలసి రావచ్చును. పైగా ఏడబ్ల్యుపితో ప్రత్యర్థిని పడగొడితే వచ్చే బహుమతి 100 డాలర్లే. సాధారణ రైఫిలుతో అయితే 300.

ఓడిన జట్టు పూర్తిగా చితికిపోకుండా మరొక ఏర్పాటు ఉన్నది. వరుసగా ఓడినకొద్దీ ఓదార్పు సొమ్ము 1,400 నుంచి మెట్లు మెట్లుగా 3,400 వరకు పెరుగుతుంది. పూర్వం ఒక్క గెలుపుతో ఈ మెట్లన్నీ మొదటికి వచ్చేవి. అప్పుగా తెచ్చిన పెట్టుబడితో అతికష్టం మీద ఒక పంట తీసిన రైతుకు మరుసటి ఏడు సాయం మొత్తం ఆపేసినట్లుండేది ఆ పద్ధతి. 2019లో దీనిని మార్చి, గెలుపుకు ఒక మెట్టు మాత్రమే దిగేటట్లు చేశారు.

ఉగ్రవాదుల పక్షానికి దొరికే ఏకే-47 శిరస్త్రాణం ఉన్నా తలకు ఒక్క గుండుతో పడగొడుతుంది. నిరోధక దళానికి దొరికే ఎం4 ఖరీదు దానికంటే ఎక్కువ, అయినా ఆ పని చేయలేదు. కాని దాని అదుపు సులభం. ఈ తేడా న్యాయమా అన్న ప్రశ్నకు ఆట ఇచ్చే సమాధానం సాదాసీదా అయినది. కబడ్డీలో విరామం తరువాత జట్లు పక్కలు మారినట్లు ఇక్కడా సగం రౌండ్ల తరువాత పక్షాలు మారుతాయి.

ధర ఎంత పదునైన సాధనమో 2018లో తెలిసివచ్చింది. ఆగ్ అనే రైఫిలు ఏళ్ళ తరబడి పెద్ద పోటీలలో అరుదుగా కనిపించేది. ఆ ఏడాది దాని ధరను 3,300 నుంచి 3,150కి తగ్గించారు. కేవలం 150 డాలర్ల తేడాకు అగ్రశ్రేణి జట్లు ఎం4ను విడిచి దానిని పట్టుకున్నాయి. 2019లో పాత ధరను మళ్ళీ విధించక తప్పలేదు. అంతకు ముందు 2015 డిసెంబరులో వచ్చిన ఆర్8 రివాల్వరు ఉదంతం మరీ విచిత్రం. చవక పిస్తోలు ఖరీదైన స్నైపరు తుపాకి పని చేయడంతో గగ్గోలు పుట్టి, కొద్ది రోజులలోనే దాని కోరలు తీశారు.

పాత్రల శక్తులు

ఆయుధాలకు తోడు ఒక్కొక్క పాత్రకు ప్రత్యేక శక్తులున్న ఆటలలో సమస్య మరింత జటిలం. ఒక్కొక్క శక్తి విడిగా మితంగానే ఉన్నా, కలిసినప్పుడు అజేయం కావచ్చును. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్‌లో 2018 నాటికి ముగ్గురు రక్షకులు, ముగ్గురు సహాయకులతో, కాల్పులు ప్రధానంగా గల పాత్ర ఒక్కటీ లేకుండా ఒక కూర్పు పుట్టింది. ఒకరి గాయాన్ని మరొకరు మాన్పుతూ గుంపుగా కదిలే ఈ జట్టును ఛేదించడం దుస్సాధ్యమైంది. దానిని ప్రచారంలోకి తెచ్చిన జట్టు పేరు మీద ఈ కూర్పును గోట్స్ అన్నారు. పులిజూదం ఎరిగినవారికి ఆ పేరు యాదృచ్ఛికమే అయినా భలే కుదిరిందనిపిస్తుంది. ఒక్కొక్క పాత్రను సరిచేసి విసిగిన రూపకర్తలు 2019లో నియమాన్నే మార్చి, ప్రతి జట్టులో ఒక్కొక్క తరహా పాత్రలు రెండేసి మాత్రమే ఉండాలన్నారు. ఇది కచ్చితమైన మందే గాని, కొత్త కూర్పులు కనిపెట్టే స్వేచ్ఛను కూడా కొంత హరించింది.

2020లో విడుదలైన వాలరంట్‌లో చేంబర్ అనే పాత్ర 2021 నవంబరులో చేరింది. దూరం నుంచి కాల్చి, ప్రత్యర్థి తేరుకునేలోగా ముందే సిద్ధం చేసుకున్న చోటికి మాయమయ్యే శక్తి అతనిది. లాభం ఉన్నది, విరుగుడు లేదు. 2022లో అతని శక్తులను తగ్గించవలసి వచ్చింది.

ఎవరి కొలతతో తూచాలి?

ఇది ఈ విషయంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఇరుకు గదులలో మాత్రమే బలంగా ఉండే తుపాకి కొత్తవారిని హడలెత్తిస్తుంది. అనుభవజ్ఞులు దూరం పాటించి దానిని నిర్వీర్యం చేస్తారు. కొత్తవారి మొర విని దానిని తగ్గిస్తే పెద్ద పోటీల నుంచి అది మాయమవుతుంది. నిపుణులకు తగినట్లు పెంచితే కొత్తవారు ఆట మానుకుంటారు.

అందుకే నైపుణ్యాన్ని బట్టి జతపరచడం అవసరమైంది. దీనికి మూలం చదరంగం. అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. వరంగల్లుకు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2,800 దాటినది ఈ పద్ధతిలోనే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలహీనునికి 100 ఆటలకు సుమారు 24 పాయింట్లు, 400 తేడా ఉంటే సుమారు 9 పాయింట్లు వస్తాయని అంచనా. షూటర్ ఆటలలో జట్టు ఫలితం నుంచి ఒక్కొక్కరి నైపుణ్యాన్ని విడదీయాలి కనుక లెక్క ఇంతకంటే చిక్కుగా ఉంటుంది.

ఆట బయటి తూకం

ఆట లోపల ఎంత తూచినా, ఆటగాని చేతిలోని పరికరాన్ని రూపకర్తలు తూచలేరు. తెరపై సెకనుకు 30 చిత్రాలు చూపే ఫోనులో రెండు చిత్రాల మధ్య వ్యవధి 33 మిల్లీసెకన్లు. 120 చూపే ఫోనులో 8 మాత్రమే. పై ఉదాహరణలో రెండు తుపాకుల మధ్య తేడా అంతా కలిపి 33 మిల్లీసెకన్లేనని గుర్తుంచుకోవాలి. ఇక మొబైల్ సిగ్నలు సరిగా అందని పల్లెలో 100 మిల్లీసెకన్ల జాప్యం వచ్చినదంటే, ఒక ప్రాణం పోయే కాలంలో మూడవ వంతు అక్కడే ఖర్చయినట్లు. పట్టణంలోని ఖరీదైన ఫోనుతో, గ్రామంలోని చవక ఫోనుతో ఆడే ఇద్దరు విద్యార్థులలో ఎవరు మెరుగో ఫలితాన్ని బట్టి చెప్పడం కష్టం. కొంతమేరకు సర్దుబాట్లు జరిగాయి. కంప్యూటరుపై ఎమ్యులేటరుతో పబ్‌జి మొబైల్ ఆడేవారిని గుర్తించి, వారిలో వారినే జతపరిచే పద్ధతి 2018లో వచ్చింది.

డబ్బుతో బలాన్ని అమ్మడం వేరొక విషయం. కౌంటర్-స్ట్రైక్‌లో 2013 నుంచి అమ్ముతున్న తుపాకి తొడుగులు రంగు మార్పులే తప్ప దెబ్బను పెంచవు. భారతదేశంలో 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైన ఫ్రీ ఫైర్‌లో మాత్రం కొన్ని తొడుగులు తుపాకి గుణాలనే మార్చేవి. ప్రత్యేక గదులలో ఆడేటప్పుడు ఆ గుణాలను నిలిపివేసే వీలు కల్పించడాన్ని బట్టే వాటి ప్రభావం తెలుస్తుంది.

భారత పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను పందెపు ఆటల నుంచి వేరుచేసి గుర్తించింది. శారీరక చురుకుదనం, మానసిక చాతుర్యం, వ్యూహం వంటి నైపుణ్యాలు మాత్రమే ఫలితాన్ని నిర్ణయించాలని ఆ చట్టంలోని నిర్వచనం చెబుతున్నది. ఆటగాని ఫోను గురించి ఆ నైపుణ్యాల జాబితాలో ప్రస్తావన లేదు.