గీత టైపు చేసేది కాదు

పిటిషన్‌లో శీర్షిక కింద అండర్‌స్కోర్ వరుసగా కొట్టి అడ్డగీత వేస్తే, పేజీ సెట్టింగ్ మార్చగానే అది విరిగి కింది వరుసలోకి దిగుతుంది. ఎందుకు?

వర్డ్‌కు అది గీత కాదు, అక్షరాల వరుస. చోటు చాలకపోతే మిగతావి కిందికి పోతాయి. ఢిల్లీలో సుప్రీంకోర్టుకు కాగితాలు తయారుచేసేవారికి ఇది బాగా తెలిసిన తంటా. 2020 మార్చిలో ఆ కోర్టు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఏప్రిల్ 1 నుంచి ఏ4 కాగితమే వాడాలి. టైమ్స్ న్యూ రోమన్ 14 సైజు, ఎడమా కుడీ 4 సెంటీమీటర్ల చొప్పున అంచు. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు కాబట్టి, రాతకు మిగిలేది 13. అంగుళం అంచులతో లీగల్ సైజులో చేసిన పాత ఫైలులో ఆ చోటు దాదాపు పదహారున్నర. ఆ వెడల్పంతా అండర్‌స్కోర్లతో నింపిన గీత కొత్త పేజీలో పట్టదు. పైగా అక్షరం సైజు 12 నుంచి 14కు పెంచితే గీత కూడా అంతమేర సాగుతుంది.

మరి ఎలా వేయాలి?

కొత్త వరుసలో మూడు హైఫన్లు (---) కొట్టి ఎంటర్ నొక్కండి. అంచు నుంచి అంచుకు సన్నగీత వస్తుంది. మూడు అండర్‌స్కోర్లకు లావుగీత, మూడు సమాన చిహ్నాలకు (===) జంటగీత. లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనూ ఈ కిటుకు పనిచేస్తుంది. గూగుల్ డాక్స్‌లో అయితే ఇన్సర్ట్ మెనూలో హారిజాంటల్ లైన్ ఉంది.

వర్డ్‌లో గీత రాకపోతే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ వరుసలో వెళ్లి, 'ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్' కింద బోర్డర్ లైన్స్‌కు టిక్కు పెట్టండి.

వచ్చిన గీత డిలీట్ నొక్కినా పోదేం?

అది విడి వస్తువు కాదు, పై పేరాకు అంటుకున్న బోర్డర్. ఆ పేరాలోనే ఎంటర్ నొక్కితే గీత కూడా కిందికి జరిగేది అందుకే. గీతకు సరిగ్గా పైనున్న పేరాలో కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్‌లోని బోర్డర్స్ నుంచి 'నో బోర్డర్' ఎంచుకుంటే పోతుంది. పేరాకు అంటుకుని ఉండడమే దీని బలం కూడా. అంచులు మారిస్తే పేరాతోపాటే గీత కుదించుకుంటుంది.

కంట్రోల్, యూ కలిపి నొక్కి అండర్‌లైన్ చేస్తే సరిపోదా?

ఇంగ్లిష్ శీర్షికకు సరిపోతుంది. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి. 'సుప్రీంకోర్టు' అని రాసి అండర్‌లైన్ చేసి చూడండి: ర వత్తు, ట వత్తు రెండింటి మీదుగానూ గీత పోతుంది, ప్రింటులో మసకబారతాయి. పేరా బోర్డర్ వత్తులకూ కిందనే పడుతుంది. ఇంకాస్త దూరం కావాలంటే బోర్డర్స్ అండ్ షేడింగ్‌లోని ఆప్షన్స్‌లో 'బాటమ్' అంకె పెంచండి.

సంతకం కోసం చిన్న గీత?

దానికి బోర్డర్ పనికిరాదు, పేజీ అడ్డంగా మొత్తం పరుచుకుంటుంది. పేరాగ్రాఫ్ డైలాగులో ట్యాబ్స్ తెరిచి, గీత ఎక్కడ మొదలవ్వాలో అక్కడొక ట్యాబ్, ఎక్కడ ముగియాలో అక్కడ ఇంకొకటి పెట్టండి. రెండోదానికి మాత్రం అండర్‌లైన్ లీడర్ ఎంచుకోండి. ట్యాబ్ రెండుసార్లు నొక్కితే మధ్యలో గీత పడుతుంది. అక్షరం సైజు మార్చినా దాని పొడవు మారదు.