పిడి సొగసు, అలుగు సత్తువ: కోనసముద్రపు ఉక్కు చెప్పే పాఠం

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడవచ్చిన వారి చూపు ముందుగా ఖంజర్ల పిడులమీదనే నిలుస్తుంది. యషబ్ రాయిని చెక్కి, కెంపులు, పచ్చలు పొదిగి చేసిన మొగలాయీ పిడులు అటువంటివి మరి. కాని కత్తి విలువను నిర్ణయించిన పూర్వపండితులు పిడితో మొదలుపెట్టలేదు. క్రీ.శ. 9వ శతాబ్దిలో ఖడ్గాలపై ప్రత్యేక గ్రంథం వ్రాసిన అల్‌కిందీ, 11వ శతాబ్దిలో ఖనిజాలను గురించి వ్రాసిన అల్‌బైరూనీ, ఇద్దరూ ఇనుము పుట్టుకను, దాని తయారీని మొదట విచారించారు. అరబ్బులు మేలైన ఖడ్గానికి పెట్టుకున్న పేరు ‘ముహన్నద్’, అనగా హింద్ దేశపుది. ఆ పేరు వెనుకనున్న పనివారిలో తెలంగాణ కమ్మరులు కూడ ఉన్నారు.

కోనసముద్రం

అల్వాల్, మేడ్చల్ శివార్లు దాటి ఉత్తరానికి, గోదావరి దిక్కుగా సాగితే నిజామాబాదు జిల్లా వస్తుంది. ఆ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఇరాన్ వర్తకులకు బాగా తెలిసిన గ్రామం. భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ 19వ శతాబ్ది తొలినాళ్లలో అక్కడి పనిని కళ్లారా చూచి వ్రాసిపెట్టాడు. 1824లో ఆయన మరణించగా, ఆ వ్యాసం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఉక్కు కొనుటకు ఇస్ఫహాను నుండి వచ్చిన ఒక వర్తకుని ఆయన ఆ ఊరిలోనే కలుసుకున్నాడు. ఈ విధానాన్ని తమ దేశంలో అనుకరింపజూచి ఇరానీయులు విఫలులైనారని ఆ వర్తకుడే చెప్పాడట.

విధానం పైకి సులభంగానే కనిపిస్తుంది. రెండు వేర్వేరు చోట్ల కరగించిన రెండు రకాల ఇనుమును కొలత ప్రకారం మట్టిమూసలో వేసి, మూత బిగించి, బొగ్గుల కొలిమిలో రాత్రింబవళ్లు తిత్తులూదుతారు. చల్లారిన తరువాత మూస పగులగొడితే చిన్న ఉక్కుముద్ద దొరుకుతుంది. దానికి మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాచి, పెళుసుతనం తగ్గిస్తారు. ఇనుములో నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ల బొగ్గుసారం కలియుటచేతనే అది ఉక్కు అవుతున్నది. యూరపువారు ‘వుట్జ్’ అని పలికినది దక్షిణాది భాషల ‘ఉక్కు’ మాటనే. 1819లో మైకేల్ ఫారడే ఈ లోహాన్ని పరీక్షించాడు. అతడు కూడ కమ్మరి కుమారుడే.

జౌహర్

ఈ ముద్దను అలుగుగా సాగదీయుటలోనే అసలు కష్టమున్నది. వేడి మించితే సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది, తగ్గితే సాగదు. ఎర్రకాకను కనిపెట్టుకొని, కొద్దికొద్దిగా కొట్టి, సానపట్టి, చివరకు ఆమ్లగుణంగల ద్రావకం పూస్తే అలుగుమీద నీటి అలల వంటి గీతలు తేలుతాయి. ఉర్దూ, పార్సీలలో దీనినే జౌహర్ అంటారు. ఇనుములో అత్యల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాలు ఈ గీతలకు తోడ్పడుతున్నాయని 1990లలో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి చూపించారు. అంటే ఏ గుట్ట ఇనుమును ఏ పాళ్లలో వాడాలో అనుభవంతో గ్రహించిన కమ్మరి ఎరుకకు శాస్త్రం చాలా ఆలస్యంగా కారణం కనుగొన్నది.

పిడి

అలుగు సిద్ధమైన పిదపనే పిడి పని. అలుగు వెనుక సన్నని భాగాన్ని పిడిలోనికి దించి, లక్కవంటి జిగురుతో బిగించేవారు. ఉక్కు పిడిపై సన్నని గాట్లు గీసి, బంగారు, వెండి తీగెలను కొట్టి అతికించే పని కోఫ్త్‌గరీ. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బులు తమ వెంట తెచ్చిన జంబియాకు కూడ పిడియే గౌరవచిహ్నం. నేడు కోరి కత్తి చేయించుకొనువారు దంతము, దుప్పికొమ్ము అడగరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అడ్డు. బర్రెకొమ్ము, టేకు, నల్లతుమ్మ చాలును. అలుగుకు లారీ కమానుపట్టీ పనికివస్తుంది. ఎర్రగా కాచి నూనెలో ముంచి, తిరిగి 200 డిగ్రీల ప్రాంతంలో కాస్తే గట్టిదనము, ఓర్పు రెండూ నిలుస్తాయి. పిడి నునుపెక్కువై తడిచేతిలో జారితే ఎంత నగిషీ ఉన్నా అది లోపమే.

షరీఅత్ దృష్టి

అలంకారమును ఇస్లాం పూర్తిగా త్రోసిపుచ్చలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖడ్గపు పిడికొనకు వెండి ఉండేదని అబూదావూద్, తిర్మిజీ హదీసు సంకలనాలు తెలుపుతున్నాయి. హనఫీ ఫఖీహులు పురుషునికి వెండి ఉంగరంతోపాటు ఖడ్గముపై వెండిని కూడ అనుమతించారు. అయితే ఆజ్ఞ మాత్రం పదునును గూర్చియే వచ్చింది. జబహ్ చేయువాడు కత్తిని పదునుపెట్టుకొని జంతువుకు బాధ తగ్గించాలని సహీహ్ ముస్లింలో ఉన్నది. వెండి పిడి లేనందువల్ల ఎవరికీ దోషం లేదు, మొద్దు అలుగుతో మాత్రం ఒక ప్రాణికి హింస కలుగుతుంది. సబా సూరాలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు ఇనుము మెత్తన చేయబడిన ప్రస్తావనలోనే, కవచపు కడియాల కొలత సరిగా ఉండాలన్న ఆదేశం కూడ కలదు. వరము దొరికినా కొలత తప్పరాదన్నమాట.

19వ శతాబ్దిలో ఇంగ్లండు నుండి చౌక ఉక్కు దిగుమతి కావడంతో ఈ కొలుములు క్రమంగా చల్లారాయి. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను నమోదు చేశాయి. రత్నాల పిడులు మ్యూజియం అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. ఉక్కు వండినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు, వారు మిగిల్చినది ఆ పెంకులే. బక్రీదు ముందు కత్తి కొనేవారు పిడిని మెచ్చుకొనే ముందు అలుగును గోటిపై ఆనించి చూడటం, దానిని చేసిన కమ్మరికి న్యాయమైన వెల ఇవ్వడం ఆ అజ్ఞాత పనివారి పట్ల చూపగల మర్యాద.