సీసం దిగి లిథియం ఎక్కితే

సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని బ్యాటరీవాళ్ళు వేసే లెక్క. వేసవిలో 40 దాటే కుందుర్పి మెట్టలో, సీటు కింద గాలాడని పెట్టెలో కూర్చున్న నాలుగు బ్యాటరీల గతి వేరే చెప్పాలా? కొత్తలో హుషారుగా తిరిగిన చిన్న స్కూటరు కొన్నాళ్ళకు చిన్న మిట్టకే ఆయాసపడుతుంది. అప్పుడొస్తుంది ఆలోచన: సీసం తీసేసి మనమే లిథియం పెట్టుకుంటే?

సీసం పాత కాపు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే దాన్ని తయారుచేశాడు. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో అంగట్లోకి తెచ్చింది. మన స్కూటరుకు పనికొచ్చే రకం మాత్రం 1997లో టెక్సస్‌లో జాన్ గుడెనఫ్ దగ్గర అక్షయ పాధి, నంజుండస్వామి వెలుగులోకి తెచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్. నికెల్, కోబాల్ట్ రకం వేడెక్కితే తనలోని ఆక్సిజన్‌ను తానే వదిలి మంటకు ఆజ్యం పోస్తుంది. ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ గట్టిగా ముడిపడి ఉంటుంది కనుక అంత తేలిగ్గా బయటపడదు. మన ఎండలకు నా ఓటు దానికే, కొంచెం బరువెక్కువైనా సరే.

ఒక్కో సెల్ 3.2 వోల్టులు. 16 సెల్స్ వరసగా కలిపితే 51.2, నాలుగు సీసం బ్యాటరీల 48కి దగ్గర. మార్చేవాళ్ళ చెయ్యి తడబడేది సెల్స్ దగ్గర కాదు, బీఎంఎస్ అనే కాపలా బోర్డు దగ్గర. దాన్నుంచి 17 సన్న తీగలొస్తాయి. మొదటిది మొత్తం ప్యాక్ మైనస్‌కు, తర్వాత ఒక్కో సెల్ ప్లస్‌కు ఒక్కోటి. ప్లగ్గు బోర్డుకు గుచ్చకముందే మల్టీమీటరు నల్ల మొనను మొదటి తీగ మీద ఉంచి, ఎర్ర మొనను ఒక్కో తీగకూ జరుపుతూ పోవాలి. 3.3, 6.6, 9.9... ఇలా మెట్టు మెట్టుగా పెరగాలి. ఒక్క మెట్టు తప్పిందంటే తీగ తారుమారైనట్టే. అలాగే గుచ్చితే బోర్డు అక్కడికక్కడే కాలిపోవచ్చు.

బ్యాటరీ మారినా బండికి పాత అలవాట్లు పోవు. మీటరు సంగతే చూడండి. సీసం ఖాళీ అయ్యే కొద్దీ వోల్టేజీ మెల్లగా దిగుతుంది, ముల్లు కూడా దిగుతుంది. ఫాస్ఫేట్ అలా కాదు: చాలాసేపు ఒకే చోట నిలబడి, చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. ముల్లు నిండుగా చూపిస్తుండగానే బండి ఆగిపోతుంది. సీసం బండిని కాసేపు ఆపి మళ్ళీ కదిలిస్తే ఇంటిదాకా ఈడ్చుకొస్తుంది. ఇక్కడ బీఎంఎస్ గేటు మూసేసిందంటే తోసుకుంటూ రావడమే. ఇన్ని ఆంపియర్ అవర్లు వాడాం, ఇన్ని మిగిలాయి అని లెక్కగట్టే వేరే మీటరు పెట్టుకోవడం మేలు.

ఇంతకన్నా ప్రమాదం ఛార్జరు. 48 వోల్టుల సీసం ఛార్జరు 58 దాకా నెడుతుంది. నికెల్ రకంలో 13 సెల్స్ ప్యాక్‌కు అది పెడితే ఒక్కో సెల్‌కు దాదాపు 4.46 వోల్టులు పడతాయి; హద్దు 4.2. ఇక మిగిలేది బీఎంఎస్ ఒక్కటే, అది నాసిరకమైతే అదీ లేనట్టే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఒక్కోచోట ఒకరు చనిపోయారు. అవి ఇంట్లో మార్చుకున్నవి కావు, కంపెనీ బళ్ళే. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది. కంపెనీవాళ్ళకే అలా జరిగినప్పుడు ఇంట్లో బ్యాటరీ మార్చుకున్నవాడు పడక గదిలో ఛార్జింగ్ పెట్టడం దుస్సాహసం. వసారాలోనో, పశువులూ చొప్పా లేని పాకలోనో పెట్టుకోవాలి.

తిరుపతి దగ్గర సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న అమరరాజాయే 2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం కర్మాగారానికి పునాదిరాయి వేసింది. సీసానికి మాత్రం ఇప్పటికీ తుక్కు అంగట్లో కిలో లెక్కన ధర పలుకుతుంది. పాత బ్యాటరీలు అక్కడ దించేటప్పుడు పాత ఛార్జరు కూడా ఇచ్చెయ్యండి. దాని పిన్ను కొత్త బ్యాటరీకీ పట్టిందంటే, ఇంట్లో ఎవరో ఒకరు తెలియక గుచ్చేస్తారు.