చదువు ఆగిందా? మళ్లీ అడుగుదాం!

మా మేడిపల్లిలోనే ఉండే చెల్లెలి కూతురు ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. అంతలో వాళ్ల నాన్నకు జబ్బు చేసింది. రెండేళ్లు ఇంటిపట్టునే ఉండిపోయింది. "ఇంక పేరున్న కాలేజీలో సీటెవరిస్తారు? పెళ్లి చేసేయండి" అన్నారు చుట్టాలు.

నేను దానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ చెప్పాను. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఆవిడ, ఆ జైలు రోజులు ముగిశాకే మెట్రిక్ కట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు. ఆవిడ తొలి అధ్యక్షురాలైన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, చదువు మధ్యలో ఆగిన స్త్రీల కోసం ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టింది.

అయితే ధైర్యం ఒక్కటే చాలదు, గడువులూ తెలియాలి. ఐఐటీల జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయాలి. కాబట్టి ఎంపీసీ పిల్లలు ఆలస్యం చేయకూడదు. మెడిసిన్‌కు రాసే నీట్‌కు మాత్రం గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. మా పిల్లకు ఆ దారి తెరిచే ఉంది. డిగ్రీ చాలనుకుంటే, 1924లో పుట్టి 2022లో మహిళా విశ్వవిద్యాలయమైన కోఠీ కళాశాలకు దోస్త్‌లో ఇంటర్ మార్కులతోనే పోటీ పడొచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అమ్మాయి ఉందా? మార్కుల మెమో, టీసీ జాగ్రత్తగా తీసిపెట్టండి. ఆగిన కాలానికి గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారేమో ముందే కనుక్కోండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సీటూ అంతే!