ఎవరి మాటకు ఎంత విలువ?

మా చెల్లెలు పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. దాని వెబ్‌సైటు గూగుల్‌లో ఎక్కడో అడుగున పడి వుండేది. 2011లో ఒక పెద్దమనిషి వచ్చి, ‘‘మీ సైటుకు వెయ్యి లింకులు వేయిస్తాను. పైకి రాకపోతే నన్నడగండి’’ అన్నాడు. దగ్గరుండి డబ్బిప్పించింది నేనే. పైకి వచ్చింది కూడాను!

2012 ఏప్రిల్‌లో గూగుల్ ‘పెంగ్విన్’ అనే కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. దొంగ లింకులు పట్టడం దాని పని. మా సైటు అయిపు లేకుండా పోయింది. ఆర్డర్లు ఆగిపోయాయి. చెల్లెలి ముఖం చూడలేకపోయాను.

అప్పుడు గాని అసలు సంగతి తెలుసుకోవాలని తోచలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వెల్లడించిన ‘పేజ్‌రాంక్’ పద్ధతిలో లింకు అంటే సిఫారసు అన్నమాట. పెళ్లి సంబంధానికి వాకబు చేసినప్పుడు, అబ్బాయి బుద్ధిమంతుడని హెడ్మాస్టరుగారు చెబితే ఒక విలువ. దారిన పోయే దానయ్య చెబితే మరొక విలువ. ఆ హెడ్మాస్టరుగారే నూరుమందిని మెచ్చుకుంటే, ఆయన మాట విలువ నూరు వాటాలవుతుంది. లెక్క ఇంతే! ఇప్పుడు గూగుల్ చూసేవి ఇంకా ఎన్నో వున్నా, లింకులూ చూస్తుంది.

మేము కొన్నది వెయ్యిమంది దానయ్యల మాట!

ఆ లింకులు ఒక్కొక్కటే తీయించాం. ఆవకాయకు బూజు ఎందుకు పడుతుందో, ఉప్పు పాళ్లేమిటో చెల్లెలు వివరంగా రాసి సైటులో పెట్టింది. వంటలు రాసేవారు కొందరు తమంత తామే దానికి లింకు ఇచ్చారు. కోలుకోవడానికి ఏడాది పైగా పట్టింది.

‘‘పచ్చడి బాగుందని తిన్నవాళ్లు చెప్పాలి గాని, డబ్బు పుచ్చుకున్నవాళ్లు చెబితే ఏం లాభం అన్నయ్యా?’’ అంది.

నేను మాట్లాడలేదు.