మీకు తెలుసా? మిద్దెతోటకు మైసూర్ రాస్ప్‌బెర్రీ

రాస్ప్‌బెర్రీ మొక్క కొనేముందు చూడాల్సింది పండు ఫొటో కాదు, చలి లెక్క. వేసవిలో కాసే ఎర్ర రకాల్లో చాలావాటికి 7 డిగ్రీల లోపు చలి 800 గంటలకు పైగా తగిలితేగాని మొగ్గ సరిగా విచ్చుకోదు. బెంగళూరులో డిసెంబరు రాత్రులు కూడా సాధారణంగా 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఇక కాపెక్కడ?

పశ్చిమ కనుమల్లో అడవిమొక్కగా పెరిగే మైసూర్ రాస్ప్‌బెర్రీకి (శాస్త్రీయ నామం రూబస్ నీవియస్) ఆ పట్టింపు లేదు. ఎర్రబడగానే కోస్తే పులుపే. నలుపు తిరిగిన ఊదారంగుకొచ్చి, వేలు తగిలితే చాలు ఊడివచ్చేదాకా ఆగితేనే తీపి. కొమ్మల మీద విభూతి రాసినట్టు తెల్లటి పూత, దాని మధ్యే వంపు తిరిగిన ముళ్లు. చేతితొడుగు లేకుండా కత్తిరించొద్దు. వంగిన కొమ్మ కొస మట్టిని తాకితే అక్కడే వేళ్లు వేస్తుంది. విత్తనాలను పిట్టలు మోసుకుపోతాయి. గాలపాగస్ దీవుల్లో ఇది పెద్ద కలుపై కూర్చుంది మరి! అందుకే పెద్ద కుండీలో పెట్టి, ఊతకర్రకు కట్టండి.

ఎర్ర రకమే కావాలంటే 1969లో న్యూయార్క్ రాష్ట్రంలో విడుదలైన ‘హెరిటేజ్’ ఉంది. ఏ ఏడాది వచ్చిన కొమ్మల కొసలకు ఆ ఏడాదే కాస్తుంది కాబట్టి చలి అవసరం తక్కువ. బెంగళూరు మిద్దె మీదకు నా ఓటు మాత్రం మైసూరుకే.