అటకమీది జర్మను డబ్బా

పాత సామాను పోగుచెయ్యడం నాకో పిచ్చి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మను సైన్యం వాడిన సామానంటే మరీను! అందుకే, బ్రాడీపేటలో మా మేనత్తగారి అటకమీద ఆ ఇనప డబ్బా కనబడగానే నా గుండె ఝల్లుమంది. 20 లీటర్ల డబ్బా. పైన మూడు పిడులు!

ఇది 1930ల చివర జర్మనీలో పుట్టింది. పెట్రోలుకూ, నీళ్ళకూ కూడా వాడేవారు. నిండు డబ్బాను ఇద్దరు చెరోపక్కా పట్టుకోవచ్చు; ఖాళీవైతే ఒక్కడే చేతికి రెండేసి మోయవచ్చు. మూడు పిడులు అందుకే. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషువారి పల్చటి రేకు డబ్బాలు దారిపొడుగునా కారిపోయేవి. అంచేత పట్టుబడిన ఈ డబ్బాలకోసం సైనికులు ఎగబడేవారు. జర్మనులకు వాళ్ళు పెట్టిన ఎగతాళిపేరు ‘జెర్రీ’. అలా ఇది ‘జెర్రీకాన్’ అయింది. చివరకు బ్రిటిషువారూ అచ్చం అలాంటివే చేయించుకున్నారు.

అసలుదానిమీద జర్మను సైన్యం పేరు అచ్చొత్తి ఉంటుంది. పెచ్చుకట్టిన రంగు గీకి చూద్దునుగదా, బాణం గుర్తూ, దానికి అటూ ఇటూ డబ్ల్యూ, డీ అక్షరాలూ! బ్రిటిషు నకలన్నమాట.

“పాత ఇనుములో వేసెయ్యండి, అత్తయ్యా” అన్నాను ఉక్రోషంగా.

“ఒరే, మీ తాతయ్య మద్రాసు శాపర్సుతో లిబియా వెళ్ళాడు. అక్కడ ఇలాంటి డబ్బాలో నీళ్ళే తాగి బతికాడట. అందుకే యుద్ధం అయ్యాక, మిగులు సామాను వేలంలో దీన్ని కొన్నాడు” అంది.

సిగ్గేసింది. తుడిచి, మళ్ళీ అటకెక్కించాను.

తరవాత అసలైన జర్మను డబ్బా ఒకటి సంపాదించాను. అయితే, అది ఎవరి దాహం తీర్చిందో చెప్పేవారు లేరు.